శ్రీరాంపురమున తెలుగు పలుకు

బైబిలులో దేవుడు మనుష్యులతో మాటాడిన తీరు లనేకములు. మండుచున్నను కాలిపోని పొదనుండి మోషేకు పిలుపు వినవచ్చినది. యోసేపునకు స్వప్నములు దారిచూపినవి. ఏలీయాకు పెనుగాలిలోను, భూకంపములోను, అగ్నిలోను కానరాని దైవము తుదకు సన్నని స్వరమున పలికెను. వీనిలో నాకు మిక్కిలి అర్థవంతముగ తోచునది బాలుడైన సమూయేలు కథ. రాత్రివేళ ఎవరో తన్ను పేరుపెట్టి పిలువగా, అది తన గురువైన ఏలీ గొంతుక యనుకొని అతడు మూడు మారులు ఆయనయొద్దకు పరుగెత్తెను. దైవవాణి అంత పరిచితముగా వినవచ్చినదన్నమాట.

ఇట్టి కథను మరియొక భాషలోనికి తేబూనినవానికి గొప్ప చిక్కు కలదు. పిలుపు ఇంటివారి పిలుపువలె నుండవలెను. దాని గౌరవమును తగ్గరాదు. మన భాషకై ఈ చిక్కుతో పెనుగులాడినచోటు తెలుగునేలకు బహుదూరమున, కలకత్తాకు ఉత్తరమున హుగ్లీ పడమటి యొడ్డునగల శ్రీరాంపురము.

అది అప్పుడు డేనుల యేలుబడిలో నుండెను. కంపెనీవారు తమ హద్దులలో మతబోధకులకు చోటీయనందున విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డులు 1800లో అచ్చట ముద్రణాలయము స్థాపించిరి. మరుసటియేట కేరీ కలకత్తా ఫోర్టు విలియం కళాశాలలో వంగభాషోపాధ్యాయుడయ్యెను. పలుభాషల పండితులతో ఆయనకు సాన్నిహిత్య మేర్పడెను. పంచానన కర్మకారుని యల్లుడు మనోహరుడు అచ్చక్షరములు మలచుటలో సిద్ధహస్తుడు.

1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనరీ డెస్ గ్రాంజస్ పద్ధతి వేరు. అతడు తెలుగువారి నడుమ నివసించుచు, ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాయమున సువార్తలను తెనిగించెను. 1810లో అతడు మరణించెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురముననే అచ్చుపడినవి.

ఆ యేడే మార్చి 11వ తేది సాయంకాలము ముద్రణాలయము దగ్ధమయ్యెను. కాగితము, అక్షరములు, వ్రాతప్రతులు కాలిపోయినవి. తెలుగు వ్యాకరణమునకై కేరీ కూర్చుకొన్న వ్రాతలును పోయినవి. అక్షరముల మూసలు మిగులుటచే పని నిలువలేదు. వ్యాకరణము 1814లో, క్రొత్త నిబంధన 1818లో వెలువడినవి. బూడిదయైన వ్యాకరణమును రెండేండ్లలో మరల నిలిపిన ఓర్పు సామాన్యమైనది కాదు.

కాని ఓర్పు వేరు, పలుకుబడి వేరు. సంస్కృతానువాదమును చూచుకొని పండితులు తమతమ భాషలలోనికి మార్చుట, కేరీ దానిని సరిచూచుట శ్రీరాంపురపు పద్ధతి. తత్సమములు మెండుగాగల తెలుగునకు ఈ త్రోవ సుగమముగ తోచును. సంస్కృతము గాంభీర్యము నీయగలదు. "నాయనా" యని పిలుచుటలోని చనువు నీయజాలదు. అట్టి పిలుపు హుగ్లీ యొడ్డున వీధిలో వినబడునది కాదు. విశాఖపట్టణపు వీధి డెస్ గ్రాంజస్‌కు దానిని వినిపించినది; ఆయువు మాత్రము చాలలేదు.

ఈ చరిత్రలో మనకు ఆత్మీయు డొకడు కలడు. ఫోర్టు విలియం కళాశాల ప్రొవోస్టుగా నుండిన డేవిడ్ బ్రౌన్ శ్రీరాంపురమున ఆల్డీన్ గృహమున వసించుచు బైబిలు అనువాదములకు అండగా నిలిచెను. ఆయన 1812లో మరణించెను. 1798లో కలకత్తాలో పుట్టిన ఆయన కుమారుడే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఈయన 1829లో వేమన పద్యములను ప్రకటించెను. 1854లో, పండితులు గ్రంథములలోనికి రానీయని కచేరీ మాటలను, వాడుకలోని అన్యదేశ్యములను ఏరి మిశ్రభాషా నిఘంటువుగా అచ్చువేసెను.