కథలో కులం ఎవరిది, కలం ఎవరిది?

జైనూర్ నుంచి డిగ్రీ చదువుతున్న ఒక చెల్లె అడిగింది: "అన్నా, ‘గొల్ల రామవ్వ’ కథ మీద ప్రాజెక్టు రాయాలె. కథ మంచిగున్నదని రాస్తే సరిపోతదా?"

సరిపోదు చెల్లె. పరిశోధన అంటే కథను మెచ్చుకోవడమో, తిట్టడమో కాదు. కథ పుట్టిన కాలాన్ని ప్రశ్నలు అడగడం. ఈ భాగం నీ కోసం, నీలాంటి విద్యార్థులందరి కోసం.

కథ అందరికీ తెలిసిందే. నిజాం పోలీసులు వెతుకుతున్న ఒక యువకుణ్ణి ముసలవ్వ రామవ్వ తన గుడిసెలో దాస్తుంది. మనవరాలి పెనిమిటి అని చెప్పి కాపాడుతుంది. గైడు పుస్తకం ఇక్కడ ఆగుతుంది. మనం ఇక్కడ మొదలుపెట్టాలి.

మొదటి ప్రశ్న: ఎవరు రాశారు? 1949లో వరంగల్ ‘కాకతీయ’ పత్రికలో ‘విజయ’ అనే పేరుతో వచ్చింది. ఆ పేరు వెనుక ఉన్నది అప్పటి కరీంనగర్ జిల్లా వంగర వాసి పి.వి. నరసింహారావు. పుట్టుకతో బ్రాహ్మణుడు, తర్వాత దేశ ప్రధాని. ఆదిలాబాద్ సరిహద్దు దాటితే వచ్చే చాందాలో, స్టేట్ కాంగ్రెస్ శిబిరంలో పనిచేసినవాడు. అంటే ఆ పోరాటంలో ఒక పక్షాన నిలబడ్డ మనిషి రాసిన కథ ఇది. అది నేరం కాదు. కానీ నీ వ్యాసంలో ఉండాల్సిన సంగతి.

రెండో ప్రశ్న: ఎప్పుడు అచ్చయింది? నిజాం లొంగిపోయింది 1948 సెప్టెంబర్ 17న. కథ వచ్చింది 1949లో. ఆ ఏడాది తెలంగాణ పల్లెల్లో భారత సైన్యం, పోలీసులు కమ్యూనిస్టుల కోసం గాలిస్తూనే ఉన్నారు. సాయుధ పోరాటం ఆగింది 1951 అక్టోబర్‌లో. కథ అచ్చయిన నాడు కూడా ఏదో ఊర్లో ఏదో అవ్వ ఒక పిల్లగాణ్ణి దాస్తూ ఉండొచ్చు. కథలోని పోలీసులు మాత్రం పోయిన రాజ్యం పోలీసులు. ఒక్క తేదీ చూస్తే కథ ఎంత మారిపోయిందో గమనించు.

మూడో ప్రశ్న: కులం ఎవరికి ఉంది? రామవ్వ కులం శీర్షికలోనే ఉంది. యువకుని కులం ఎక్కడైనా ఉందా? వాక్యం వాక్యం వెతుకు. దొరికితే పేజీ నంబరు వేసి రాయి. దొరకకపోతే ఆ మౌనాన్ని రాయి. రామవ్వ తెగువ చూపింది సరే, తన కోసం తాను ఏం కోరుకుంది? భూమా, గొర్లకు మేతా? అది కూడా వెతుకు.

ఇవే ప్రశ్నలు మనవాళ్ళనూ అడగాలి. భాగ్యరెడ్డి వర్మ ‘వెట్టి మాదిగ’ 1931–32లో ఆయన సొంత ‘భాగ్యనగర్’ పత్రికలో వచ్చింది. ఆయన మాల ఇంట పుట్టినవాడు. ఉద్యమంలో అందరినీ ‘ఆది హిందువులు’ అనే ఒక్క పేరు కిందికి తెచ్చినవాడు. కథకు మాత్రం ‘మాదిగ’ అని పేరు పెట్టాల్సి వచ్చింది. ఎందుకంటే వెట్టి కులాన్ని బట్టి పడేది. ఈ సంగతి చర్చిస్తే ఆయన గౌరవం తగ్గదు.

ఇక మీ జైనూర్ దగ్గరికే వద్దాం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. ఆయన మకాం మీ మండలంలోని మార్లవాయి. అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం నడిచింది. కీక్రి వాయిస్తూ గోండుల పురాణాలు పాడేది ప్రధాన్లు. ఆ పాట వినే గోండుల కంటే వాళ్ళను తక్కువగా చూసే ఆచారం ఉండేది. చివరికి 1948లో వచ్చిన పుస్తకం మీద పేరు హైమన్‌డార్ఫ్‌ది.

అందుకే చెల్లె, లైబ్రరీకి పోయే ముందు మీ ఊరి ముసలోళ్ళ దగ్గర కూర్చో. ఎవరు చెప్పారు, ఏ ఊర్లో, ఏ తేదీన అనేది రాసుకో. వాళ్ళ పేరు నీ ప్రాజెక్టులో పెట్టు. మనం ఈ పని చేయకపోతే, మనోళ్ళు ఇతరుల కథల్లో తలుపు తీసి ఆశ్రయమిచ్చేవాళ్ళుగానే మిగిలిపోతారు.

జై భీమ్!