కొట్టివేసిన వాక్యం: బాలల స్పాన్సర్‌షిప్ చరిత్రపై కొన్ని ఆలోచనలు

దాతృత్వ చరిత్రను మనం సాధారణంగా దాతల చరిత్రగానే చదువుతాం. సంస్థను ఎవరు స్థాపించారు, ఎంత సొమ్ము పోగుచేశారు, ఎందరు అనాథలకు అన్నం పెట్టారు అన్న లెక్కలే మన దాకా వస్తాయి. పుచ్చుకున్నవారి వైపు నుంచి ఆ చరిత్రను చూడడం అరుదు. సంపన్న దేశంలో ఒక దాత, పేద దేశంలో ఒక బిడ్డ, వారి మధ్య నెలనెలా కొంత డబ్బు, ఒక ఫొటో, అప్పుడప్పుడూ ఉత్తరాలు. 'స్పాన్సర్‌షిప్' అనే ఈ పద్ధతి సుమారు నూరేళ్లుగా సాగుతున్నది. డబ్బు సంగతి ఆర్థికవేత్తలు చూస్తారు. ఫొటో, ఉత్తరం మాత్రం సాహిత్య విద్యార్థులు చూడవలసినవి. పేదవాడి కథను ఎవరు, ఎవరికోసం, ఎంతవరకు చెబుతున్నారన్నది మన ప్రశ్నే గనక.

ఈ పద్ధతికి మూలాలు పాత మిషనరీ బడుల్లో ఉన్నాయి. 1816లో జాఫ్నా చేరిన అమెరికన్ మిషనరీలు పెట్టిన బోర్డింగు బడుల్లో, అమెరికాలోని విశ్వాసులు ఏడాదికి ఇంతని ఒక పిల్లవాడి ఖర్చు భరించేవారు. ఆ పిల్లవాడికి తాము కోరిన పేరు పెట్టించేవారు. అట్లా తమిళ బిడ్డలు అమెరికన్ మతగురువుల పేర్లతో బడి పట్టికలకెక్కారు. అన్నంతోపాటు పేరు కూడా దాతదే అయింది. అదే బడుల నుంచి తమిళ పండితులు, గణితవేత్తలు వచ్చారన్నదీ అంతే నిజం. ఈ రెండు నిజాలలో ఏ ఒక్కదాన్ని వదిలేసినా ఈ చరిత్ర అర్థం కాదు.

మన నేల మీద అదే శతాబ్దంలో మరో దారి కనిపిస్తుంది. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు బాధితులకు కూలి పని చూపాడు. వారిలో ఎక్కువమంది మాదిగలు. కూడు కోసం మతంలో చేరారన్న మాట రాకుండా కరువు పని రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. కరువు సడలాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మాలు జరిగాయి. ఇందులో మత విస్తరణ లేదని ఎవరూ అనరు. కాని తల్లిదండ్రుల చేతికి కూలి అందితే బిడ్డ ఇంట్లోనే తింటాడన్న చిన్న సత్యం ఆ కాలువ గట్టు మీద ఉంది. తర్వాతి దాతృత్వం దీన్ని చాలాసార్లు మరచిపోయింది.

ఆధునిక స్పాన్సర్‌షిప్ మొదటి ప్రపంచయుద్ధపు బూడిదలోంచి పుట్టింది. యుద్ధం ఆగిన తర్వాత కూడా బ్రిటన్, దాని మిత్రులు జర్మనీ, ఆస్ట్రియాలపై దిగ్బంధం కొనసాగించారు. అక్కడి పిల్లలు తిండిలేక చనిపోతున్నారు. 1919లో ఎగ్లంటైన్ జెబ్ అనే ఆంగ్ల మహిళ లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కరపత్రాలు పంచి అరెస్టయింది. కోర్టు అయిదు పౌన్లు జరిమానా వేసింది. కరపత్రం మీద బక్కచిక్కిన ఒక ఆస్ట్రియన్ బిడ్డ ఫొటో ఉంది. దీనికి కారణం మన దిగ్బంధమే అని ఆ కాగితం చెప్పింది. బిడ్డ ఆకలి, ఆ ఆకలికి కారణం ఒకే కాగితం మీద ఉన్నాయి. ప్రభుత్వానికి కోపం వచ్చింది అందుకే. అదే ఏడాది జెబ్, ఆమె చెల్లెలు డొరతీ బక్స్‌టన్ 'సేవ్ ది చిల్డ్రన్ ఫండ్' స్థాపించారు. ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్క దాతకు అప్పగించే పద్ధతిని ఆ సంస్థ 1920ల ఆరంభంలోనే చేపట్టింది.

ఆ తర్వాత ప్రతి యుద్ధమూ ఒక సంస్థను కన్నది. స్పెయిన్ అంతర్యుద్ధంలో, 1937లో, బ్రిటిష్ పత్రికా రచయిత జాన్ లాంగ్‌డన్-డేవీస్ చొరవతో నేటి 'ప్లాన్' సంస్థ పుట్టింది. చైనా మీద జపాన్ దాడి కాలంలో, 1938లో, కాల్విట్ క్లార్క్ అనే అమెరికన్ ప్రెస్బిటేరియన్ పాస్టరు చైనా బాలల నిధిని స్థాపించాడు. కొరియా యుద్ధకాలంలో బాబ్ పియర్స్ 1950లో 'వరల్డ్ విజన్'ను, ఎవరెట్ స్వాన్సన్ 1952లో 'కంపాషన్'ను ప్రారంభించారు. పియర్స్ తీసిన చలనచిత్రాలు అమెరికా చర్చిల్లో ఆడాయి. చూసినవారు కంటతడి పెట్టి చెక్కులు రాశారు.

వారి కన్నీళ్లు బూటకమని నేననను. కాని ఆ ఫొటోలో ఏం మిగిలిందో చూడాలి. 1950 జూన్‌లో ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశం దాటాయి. తర్వాత మూడేళ్లపాటు అమెరికన్ విమానాలు ఉత్తరాది పట్టణాలను నేలమట్టం చేశాయి. తెరమీది బిడ్డను అనాథను చేసిన బాంబు ఎవరిదన్న ప్రశ్న ఆ చర్చిల్లో రాలేదు. వస్తే అది కమ్యూనిస్టులదనే జవాబు సిద్ధంగా ఉంది. జెబ్ కరపత్రంలో పక్కపక్కన ఉన్న బిడ్డ, కారణం ఇక్కడ విడిపోయాయి. బిడ్డ ఫొటోలో మిగిలింది. కారణం కత్తిరింపులో పోయింది.

దీనికి మరో పర్యవసానం ఉంది. అనాథాశ్రమానికి డబ్బు వచ్చేచోట, తల్లి బతికున్న బిడ్డ కూడా అనాథ అవుతాడు. పోషించలేని తల్లులు అన్నం కోసం బిడ్డలను ఆశ్రమాల్లో వదిలారు. 1970ల నుంచి పెద్ద సంస్థలు ఆశ్రమాన్ని వదిలి కుటుంబం, గ్రామం వైపు తిరగడానికి ఇలాంటి అనుభవాలే దారితీశాయి. ఈ విషయంలో ఇస్లామిక సంప్రదాయం నుంచి నేర్చుకోవలసింది ఉంది. అక్కడ తండ్రి చనిపోయిన బిడ్డే 'యతీం'. తల్లి ఉన్నా యతీమే. 1984లో బర్మింగ్‌హాంలో స్థాపితమైన 'ఇస్లామిక్ రిలీఫ్' వంటి సంస్థల సహాయం తల్లి ఒడిలో ఉన్న బిడ్డకూ అందుతుంది. మాట నిర్వచనం మారితే డబ్బు చేరే గడప మారుతుంది.

విమర్శ లేకపోలేదు. 1982లో 'న్యూ ఇంటర్నేషనలిస్ట్' పత్రిక ఈ బిడ్డను స్పాన్సర్ చేయవద్దని ముఖపత్రం మీదే రాసింది. పక్కింటి బిడ్డను వదిలి ఒక్కణ్ణి ఎంచడంలోని అన్యాయాన్ని ఎత్తిచూపింది. 1998లో 'షికాగో ట్రిబ్యూన్' విలేకరులు తామే పిల్లలను స్పాన్సర్ చేసి, తర్వాత వెతుక్కుంటూ వెళ్లి, చనిపోయిన బిడ్డ పేరిట కూడా డబ్బు వసూలైన ఉదంతాన్ని బయటపెట్టారు. ఇదొక పక్క. బ్రూస్ వైడిక్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు భారత్ సహా ఆరు దేశాల్లో 10,000 మందికి పైగా జీవితాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం మరోపక్క. ఊరి చర్చిల ద్వారా 'కంపాషన్' సాయం పొందిన పిల్లలు సగటున ఏడాదికి పైగా ఎక్కువ చదివారనీ, పెద్దయ్యాక మెరుగైన ఉద్యోగాల్లో చేరారనీ అది తేల్చింది. ప్రగతిశీల విమర్శకుడు ఈ ఫలితాన్ని దాచనక్కరలేదు. పేద ఇంటి పిల్ల హైస్కూలు పూర్తిచేస్తే అది గెలుపే.

ఇక ఉత్తరం సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక హాస్టలు పిల్లల స్పాన్సర్ ఉత్తరాలు దిద్దే పని నా మీద పడింది. ఆరో తరగతి పిల్ల ఒకతె, కూలి బాకీ అడిగినందుకు తన నాన్నను ఆసామి కొట్టాడని రాసింది. దిగులు సంగతులు రాయించవద్దని పైవారి మాట. ఆ వాక్యాన్ని నేనే ఎర్రసిరాతో కొట్టేసి, అందరమూ క్షేమం, మీకోసం ప్రార్థిస్తున్నాము అని రాయించాను. 'అది తప్పా సార్?' అని అడిగిందా పిల్ల. అక్షరదోషం లేదన్నాను. అంతకు మించి జవాబు నా దగ్గర లేదు. ఆ పిల్ల ఫీజు, బట్టలు ఆ డబ్బుతోనే వచ్చాయి. వాళ్ల పేదరికానికి కారణం చెప్పిన ఏకైక వాక్యం మాత్రం సముద్రం దాటలేదు.

ఇచ్చినవారు ఆగిపోతే ఏమవుతుందో 2017లో చూశాం. విదేశీ విరాళాల చట్టం కింద ప్రభుత్వ ఆంక్షలు వచ్చాక 'కంపాషన్' భారతదేశంలో పని ముగించింది. అప్పటికి దాని సాయం పొందుతున్న పిల్లలు సుమారు 1,45,000 మంది. మతమార్పిడులని ఒకరు, వివక్ష అని ఒకరు వాదించుకున్నారు. ఆ వాదంలో పిల్లల తల్లులను అడిగినవారు లేరు. కానుక ఆగితే ఫిర్యాదు చేసే చోటు ఉండదు.

జెబ్ ఈ సంగతి తొందరగానే గ్రహించింది. ఆమె రాసిన బాలల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతి సమితి ఆమోదించింది. ఆ దారే 1959 ప్రకటన మీదుగా 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు చేరింది. భారతదేశం 1992లో దాన్ని అంగీకరించింది. పి.యు.సి.ఎల్. వేసిన వ్యాజ్యంలో 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆ భోజనం గొప్పదని నేననను. వండే అమ్మలకు ఇచ్చేది చాలా తక్కువ. కాని మా బడిలో పప్పు నీళ్లలా ఉన్ననాడు ఒక తల్లి వచ్చి హెడ్మాస్టరు గదిముందు నిలబడి అడుగుతుంది. ఆ అన్నం తిన్న బిడ్డ ఎవరికీ ధన్యవాదాలు రాయనక్కరలేదు.

పేదల కథలు రాసే మనమంతా ఒక విధంగా అటువంటి ఉత్తరాలు దిద్దేవాళ్లమే. జాలి పుట్టించే బిడ్డ మన కథల్లోనూ చాలామంది ఉన్నారు. ఆ బిడ్డ పక్కన కారణాన్ని కూడా ఉంచుతున్నామా, పాఠకుడి మనసు నొచ్చకుండా మనమే కొట్టేస్తున్నామా? ఆ పిల్ల వేసిన ప్రశ్నకు నేనింకా జవాబు బాకీ ఉన్నాను.