సంతకానికి ముందు

ఈ కథలోని అమ్మాయి మా పిన్ని కూతురు. పేరు వద్దంది, కథ మాత్రం రాయమంది. గదిలో ఎవరెవరు ఏమన్నారో తను చెప్పినట్టే రాస్తున్నాను.

భీమవరంలో ఒక నర్సింగ్ హోమ్. బల్ల మీద స్కాన్ రిపోర్టు: ఎడమ అండాశయంలో 5 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్. దాని పక్కన ఎండోమెట్రియోసిస్ అన్న మాట. జబ్బు పేరు తను వినడం అదే మొదటిసారి. అప్పటికి తనకు 31 ఏళ్లు.

"బుధవారం పెట్టుకుందాం. సిస్ట్ తీసేస్తాను. ఓవరీ పాడైపోయి ఉంటే అదీ తీసేస్తా. ఒక బిడ్డ పుట్టాక గర్భసంచి కూడా తీయించేసుకుంటే ఇక పీడ ఉండదు" అన్నారు డాక్టరమ్మ. పిన్ని తలూపింది. తన అత్తగారు "మీరెలా అంటే అలాగేనండీ" అన్నారు. డాక్టరమ్మ తన భర్త, అంటే మా మరిది వైపు తిరిగి "ఏమంటారు?" అని అడిగారు. పొట్ట ఎవరిదో వాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ పొట్టలో నొప్పి పదమూడో ఏట మొదలైంది. స్కూలు బ్యాగులో మెఫ్తాల్ స్పాస్ నొప్పి మాత్రల షీటు ఎప్పుడూ ఉండేది. పెళ్లయితే తగ్గుతుందన్నారు. పెళ్లయ్యాక, కాన్పయితే సర్దుకుంటుందన్నారు. భర్త పక్కన పడుకోవాలన్నా భయమే. బయట చేరిన రోజుల్లో విరేచనానికి వెళ్లాలంటే లోపల కోసేసినట్టుండేది. అది ఎవరికి చెప్పుకుంటుంది? హైస్కూల్లో లెక్కల టీచరు. నెలనెలా సెలవు పెడుతుంటే హెడ్మాస్టరు ముఖం చిట్లించేవారు. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట అండాశయాల మీద, పేగుల మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు పదిశాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

గర్భసంచి తీయించేయమనే మాట మన దగ్గర ఎంత తేలిగ్గా నోటికొస్తుందో తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. పేగుల మీది మచ్చల్ని వదిలేసి సంచి ఒక్కటీ తీస్తే ఈ నొప్పి పోతుందన్న భరోసా లేదు.

బుధవారం చెల్లి వెళ్లలేదు. హైదరాబాద్‌లో మరో డాక్టరు ఎంఆర్‌ఐ తీయించారు. గర్భసంచి వెనక మచ్చలు, దానికి అతుక్కుపోయిన పెద్దపేగు కనిపించాయి. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "నీకు ముందు ఏది కావాలమ్మా, నొప్పి పోవడమా, బిడ్డా?"

చెల్లి భర్త వంక చూసింది. "ఆయన్ని తర్వాత అడుగుతాను. నువ్వు చెప్పు" అన్నారు డాక్టరు.

"నొప్పి పోవాలి."

పిన్ని నివ్వెరపోయింది. పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండని కూతురు అనాల్సిన మాటేనా అది!

డాక్టరు ఏదీ దాచలేదు. హార్మోన్ మాత్రలతో చాలామందికి నొప్పి అదుపులో ఉంటుంది, కానీ వాడినన్నాళ్లూ గర్భం రాదు. ఐవీఎఫ్ కోసమే అయితే సిస్ట్‌ని తీయాల్సిన పని లేదు. తీస్తే దాంతోపాటు మంచి అండాలూ కొన్ని పోవచ్చు. అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ చెల్లికి అప్పటికే 1.1, ఆ వయసుకు తక్కువ. ఆపరేషనే కావాలంటే పేగుల సర్జన్ కూడా పక్కన ఉండాలి, మచ్చలన్నీ ఒకేసారి తీయాలి. పేగు కోయాల్సి వస్తే కొన్నాళ్లు మలం పోయేందుకు పొట్టకి సంచి తగిలించాల్సి రావచ్చు. ఇంత చేసినా జబ్బు మళ్లీ రావచ్చు. "చేయించుకునేట్టయితే ముందు పిండాలు తయారుచేసి దాచుకుందాం" అన్నారు.

పిండాలూ, ఆపరేషనూ రెండూ అంటే ఖర్చూ ఎక్కువే. ఇంట్లో రోజుల తరబడి అదే చర్చ. "కడుపు పండకుండానే కత్తెందుకమ్మా?" అన్నారు అత్తగారు.

"నెలకి పది రోజులు నేను మనిషిలా ఉండట్లేదు అత్తయ్యా. బిడ్డ పుట్టినా ఎత్తుకోవడానికి ఓపికుండాలి కదా."

మా మరిది బ్యాంకుకెళ్లి లోను కాగితాలు తెచ్చాడు. మాట సాయం కంటే అదే గొప్పనిపించింది నాకు.

ముందు పిండాలు దాచుకున్నారు. ఆపరేషన్ నాటి పొద్దున నర్సు అంగీకార పత్రం చాపి సంతకం పెట్టమంది. చెల్లి కలం పట్టుకోలేదు. "ప్రాణం మీదికొస్తే తప్ప నా గర్భసంచి, అండాశయాలు నన్ను అడగకుండా తీయకూడదని రాయండి డాక్టరుగారూ." ఆవిడ అక్కడే తన చేత్తో రాశారు. ఆ తర్వాతే చెల్లి సంతకం పెట్టింది.

నాలుగు గంటలు పట్టింది. సిస్ట్ పోయింది. పేగు కోయకుండానే మీది మచ్చను చెక్కి తీయగలిగారు. ఏఎంహెచ్ 0.7కి పడిపోయింది, ఆ సంగతీ డాక్టరు దాచలేదు. నొప్పి పూర్తిగా పోలేదు. నెలసరి మొదటి రోజు ఒక మాత్ర వేసుకుంటుంది, మిగతా రోజులు బడికి వెళ్తోంది. హైదరాబాద్‌లో మూడు పిండాలు దాచి ఉన్నాయి.

మొన్న దసరాకి వెళ్తే అత్తగారు మళ్లీ ఎత్తారు, పిండం ఎప్పుడు పెట్టించుకుంటావని. "టెన్త్ పరీక్షలు అయ్యాక చూద్దాం అత్తయ్యా. నిరుడు సగం రోజులు సెలవే. ఈ పిల్లలకి నేనే సిలబస్ పూర్తి చేయాలి" అంది చెల్లి.