రక్షణ పరిశ్రమలకు భద్రతా అనుమతి

రక్షణ ఉత్పత్తుల రంగంలోకి ప్రైవేటు సంస్థలను కేంద్ర ప్రభుత్వం 2001లో అనుమతించింది. నాడు విదేశీ పెట్టుబడి పరిమితి 26 శాతం. కొత్తగా లైసెన్సు కోరే సంస్థలకు 2020లో ఆటోమేటిక్ మార్గంలోనే దానిని 74 శాతానికి పెంచారు.

ఆటోమేటిక్ అన్న మాట కొంత భ్రమ కలిగిస్తుంది. పెట్టుబడికి ముందస్తు ఆమోదం అక్కరలేకపోయినా, కేంద్ర హోంశాఖ భద్రతా అనుమతి తప్పనిసరి. వాటాదారులు, డైరెక్టర్లు ఎవరు, ఏ దేశస్థులు అన్నవి అందులో కీలకాంశాలు. జాతీయ భద్రత దృష్ట్యా ఏ విదేశీ పెట్టుబడినైనా సమీక్షించే హక్కును ప్రభుత్వం తనవద్దే ఉంచుకుంది.

హైదరాబాదు శివార్లలోని ఆదిబట్లలో టాటా, బోయింగ్ సంయుక్త సంస్థ అపాచీ హెలికాప్టర్ల ప్రధాన భాగాలను నిర్మిస్తోంది. ఇటువంటి విదేశీ భాగస్వామ్యాలు పెరిగేకొద్దీ ఈ పరిశీలనకు ప్రాధాన్యం పెరిగింది.

లైసెన్సు పొందిన కర్మాగారాలు పాటించవలసిన భద్రతా నియమావళి 2014లో వెలువడింది. ఉత్పత్తి ఎంత సున్నితమైనదైతే నిబంధనలు అంత కఠినం. అదే ఏడాది అనేక విడిభాగాలను లైసెన్సు నుంచి మినహాయించారు. చిన్న పరిశ్రమలకు అది పెద్ద ఊరట.

భారత్‌తో భూసరిహద్దు గల దేశాల బిడ్డర్లకు 2020 జూలై నుంచి ముందస్తు నమోదు తప్పనిసరి అయింది. దానికి హోంశాఖతో పాటు విదేశాంగశాఖ అనుమతి కూడా కావాలి.