సైకిలుకీ ఓ తూకం

సైకిలు కొనేవాళ్లు ధర అడుగుతారు, రంగు చూస్తారు, గంట మోగించి చూస్తారు. బరువెంత అని అడిగినవాళ్లను మాత్రం ఈ మధ్యదాకా నేను చూడలేదు. బియ్యం తూకంలో పావుకిలో తగ్గితే కొట్టువాడితో పోట్లాడే మనం, రోజూ కాళ్ల సత్తువతో లాక్కుపోవలసిన వస్తువు తూకం మాత్రం పట్టించుకోం. విచిత్రం కదూ! ఆ తూకం వెనక రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఆడవాళ్ల వాటా తక్కువేం కాదు.

1817లో జర్మనీలోని మన్‌హైమ్ ఊళ్లో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్యబండి ఒకటి తయారు చేశాడు. దానికి పెడలూ లేదు, చైనూ లేదు. ఎక్కి కూచుని కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. బరువు ఇరవై కిలోల పైమాటే. 1860ల్లో పారిస్ వాళ్లు ముందు చక్రానికి పెడళ్లు బిగించారు. రాళ్లబాటన దాని మీద పోయినవాడికి ఒళ్లు హూనమయ్యేది. అందుకే ఇంగ్లీషువాళ్లు దానికి ‘ఎముకలు కదిలించే బండి’ అని పేరు పెట్టారు. 1870లు వచ్చేసరికి ముందు చక్రం మనిషెత్తున పెరిగిపోయింది. పాదాల దాకా జీరాడే గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు దాన్ని చూసి ముచ్చటపడ్డమే తప్ప ఎక్కే దారేదీ?

1885లో ఇంగ్లండులోని కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలు తెచ్చాడు. చక్రాలు రెండూ ఇంచుమించు సమానం, వెనక చక్రాన్ని తిప్పడానికి చైను. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల బండి కోసం గాలి టైరు చేశాడు. ఈ రెండూ కలిశాక మనకు తెలిసిన సైకిలు పుట్టింది.

అప్పుడు కంపెనీలవాళ్లకు ఆడవాళ్లు గుర్తొచ్చారు. గౌను అడ్డం పడకుండా ఎక్కి దిగడానికి వీలుగా, సీటు నుంచి హ్యాండిలు దాకా ఉండే పై కడ్డీని కిందికి దించారు. బాగానే ఉంది. కానీ సైకిలు బలమంతా ఆ గొట్టాల త్రికోణంలోనే ఉంటుంది. తక్కువ ఇనుముతో ఎక్కువ బరువు ఆపే కిటుకు అదే. త్రికోణం విడగొడితే ఫ్రేము ఊగుతుంది. ఊగకుండా ఉండాలంటే గొట్టాలు మందంగా వెయ్యాలి. దానికి తోడు నూనె అంటకుండా చైనుకో రేకు డబ్బా, వెనక చక్రంలో బట్ట చిక్కుకోకుండా ఓ వల. వెరసి ఆడవాళ్ల సైకిలు మగవాళ్ల సైకిలుకన్నా బరువెక్కి కూచుంది. మర్యాద కాపాడే ఖర్చంతా ఆడవాళ్ల కాళ్ల మీదే పడిందన్నమాట!

అసలు బట్టల బరువే ఎంతో తెలుసా? 1881లో లండనులో కొందరు స్త్రీలు ‘రేషనల్ డ్రెస్ సొసైటీ’ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఆడవాళ్ల లోపలి దుస్తుల బరువు ఏడు పౌన్లు మించకూడదన్నది వాళ్లు పెట్టిన హద్దు. ఏడు పౌన్లంటే మూడు కిలోల పైచిలుకు. అదీ పై గౌను కాకుండా! హద్దే అంతయితే మామూలుగా ఎంత మోసేవారో మీరే ఊహించుకోండి. అమెరికాలో ఫ్రాన్సెస్ విల్లార్డ్ అనే నాయకురాలు యాభైమూడేళ్ల వయసులో సైకిలు నేర్చుకుని, ఆ అనుభవం మీద 1895లో పుస్తకమే రాసింది. 1896లో సూసన్ బి. ఆంథొనీ అయితే, ఆడవాళ్లకు స్వేచ్ఛనివ్వడంలో సైకిలు చేసినంత పని లోకంలో మరేదీ చెయ్యలేదని బాహాటంగా చెప్పింది.

మన దేశానికి మొదట సైకిళ్లు ఎక్కువగా ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చినవే. రాలీ, హంబర్ పేర్లు మా తాతగారి తరానికి బాగా తెలుసు. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1952లో ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. అన్నిటిదీ ఒకటే పోలిక. నల్లరంగు, ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక ఇనప క్యారియరు, కింద బరువైన స్టాండు. ఇరవై కిలోలకు అటూ ఇటూ తూగేది. డ్రైస్‌గారి కొయ్యబండికీ దీనికీ తూకంలో పెద్ద తేడా లేదు చూశారా!

ఆ బరువు తెలివితక్కువతనం మాత్రం కాదు. మావారి ఉద్యోగరీత్యా జనగామలో, మహబూబాబాదులో, భూపాలపల్లిలో కాపురం చేశాను. మూడూ ఒకప్పుడు వరంగల్ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న దేనికది జిల్లా కేంద్రమయింది. జనగామలో తెల్లవారుజామున పాలక్యాన్లు రెండువైపులా వేలాడేసుకుని సైకిళ్లు వచ్చేవి. మహబూబాబాదులో, అదే మన మానుకోటలో, మిరపకాయల బస్తాలు సైకిలు మీద బజారుకు వెళ్లేవి. భూపాలపల్లికి రైలు లేదు. అక్కడ సింగరేణి గనులకు షిఫ్టు వేళల్లో టోపీ పెట్టుకుని, టిఫిను డబ్బా తగిలించుకుని బారులు తీరి సైకిళ్లు పోయేవి. ముందు కడ్డీ మీద పిల్లాడు, వెనక క్యారియరు మీద భార్య, ఆవిడ ఒళ్లో చంటిది. ఇంత సంసారం మొయ్యాలంటే ఇరవై కిలోల ఇనుము ఉండొద్దూ మరి!

తర్వాత ‘లైటు సైకిలు’ వచ్చింది. టీఐవాళ్ల బీఎస్ఏ ఎస్సెల్లార్ అంటే కాలేజీ కుర్రాళ్లు ప్రాణం పెట్టేవారు.  సన్నటి టైర్లు, చూడ్డానికి నాజూకు. ఆ రోజుల్లో పెళ్లికొడుకు అడిగే కట్నాల్లో సైకిలు, రిస్టువాచీ, రేడియో తప్పనిసరి. ఆడపిల్ల తండ్రి అప్పుచేసి సైకిలు కొనేవాడు. అల్లుడు తొక్కేవాడు. ఎవరి పేరున అది కొన్నారో ఆ పిల్ల మాత్రం జన్మంతా క్యారియరు మీద ఒకవైపుకి తిరిగి కూచునేది. సైకిలు తేలికయిందిగానీ ఆడపిల్ల చేతికి రాలేదు.

చేతికొస్తే ఏమవుతుందో మరో రాష్ట్రంలో చూశారు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991-92లో అక్షరాస్యత ఉద్యమంతోబాటు ఆడవాళ్లకు సైకిలు నేర్పారు. షీలారాణి చుంకత్ అప్పటి కలెక్టరు. లక్షమందికి పైగా స్త్రీలు నేర్చుకున్నారు. కూలివాళ్లు, క్వారీలో రాళ్లు కొట్టేవాళ్లు, పల్లె నర్సులు. ఇందులో తమాషా ఏమంటే, లేడీసు సైకిళ్లు చాలకపోతే చాలామంది జెంట్సు సైకిళ్లే తీసుకున్నారు. అదే నయమన్నారు కూడా. ఎందుకంటే ముందు కడ్డీ మీద పిల్లను కూచోబెట్టుకోవచ్చు! ఏ కడ్డీని మర్యాద కోసం కంపెనీలవాళ్లు దించారో ఆ కడ్డీయే వీళ్లకు పనికొచ్చింది.

బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. ఆ పథకాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు 2017లో అచ్చయిన వ్యాసంలో లెక్క తేల్చారు. వయసుకు తగ్గ తరగతిలో హైస్కూలు చదువుకు చేరిన ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందట. మగపిల్లలకూ వాళ్లకూ మధ్య తేడా 40 శాతం తగ్గిందట. బడి ఎంత దూరమైతే ఈ లాభం అంత ఎక్కువ.

ఇంతకీ సైకిలు బరువెంతని అడిగిన మనిషి ఎవరంటే, మా చెల్లెలి కూతురు. మహబూబాబాదు పక్క పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఊరికి ఏడు కిలోమీటర్లు. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితమైందిగానీ, ఆ పల్లెకు బడి వేళకు బస్సుంటే గదా! ఆటో నిండితేగాని కదలదు. స్కూటీ కొంటే జీతంలో సగం వాయిదాలకే సరి. వాళ్లమ్మ మాత్రం, “సైకిలు మీద పొయ్యే పిల్లను ఎవరు చేసుకుంటరక్కా? నౌకరే ఇడిసిపెట్టమను” అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏడు కిలోమీటర్ల దారి కోసం ఉద్యోగమే పోయేటట్టుంది.

పిల్లను తీసుకుని హనుమకొండలో సైకిళ్ల కొట్టుకు వెళ్లాను. “పెద్దమ్మా, నాది మేడ మీద రూము. రోజూ పద్దెనిమిది మెట్లెక్కియ్యాలె. కింద పెడితే తెల్లారేసరికి ఉండది. తేలికది గావాలె” అంది. కొట్టు కుర్రాడు వంపు హ్యాండిలున్న రేసు సైకిలు తెచ్చాడు. పదకొండు కిలోలేనట. పిల్ల ఒంటిచేత్తో ఎత్తేసి మురిసిపోయింది.

దానికి మడ్‌గార్డు ఏదీ? లేదు. చైను కవరు? లేదు. స్టాండు, క్యారియరు? అవీ లేవు. అంత తేలిగ్గా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. వానాకాలం బురద వీపు మీద, నూనె మరక చుడీదారు మీద, పుస్తకాల సంచీ భుజం మీద. టైరు బొటనవేలంత ఉంది. దాంట్లో సన్నరకం వాల్వు. మన పంక్చరు కొట్టువాడి పంపు దానికి పట్టదు. గాలి పోతే దారిలో దిక్కెవరు?

కాగితం తీసి లెక్క వేశాం. పిల్ల యాభై అయిదు కిలోలు, సంచీ, టిఫిను కలిపి అయిదు, పాత నల్ల సైకిలు ఇరవై. మొత్తం ఎనభై. సైకిలు పదమూడైతే డెబ్భై మూడు. ఎత్తు ఎక్కేటప్పుడు శ్రమ వందకు దాదాపు తొమ్మిది పాళ్లు తగ్గుతుంది. మెట్ల మీద చేతికి తెలిసే తేడా ఇంకా ఎక్కువ. చదును రోడ్డు మీద మాత్రం సైకిలు తూకంకన్నా ఎదురుగాలి, టైరులో గాలి ముఖ్యం. టైరు మెత్తబడితే, వేలు ఎక్కువ పోసి కొన్న తేలికతనం సగం దండగే. పదకొండు కిలోలకు దిగడానికి ధర అమాంతం పెరుగుతుంది. పదమూడు, పధ్నాలుగు కిలోల దగ్గర మన చేతికందే ధరకు మంచివి దొరుకుతాయి.

చివరికి తిన్నటి హ్యాండిలు, ఒకటిన్నర అంగుళాల టైర్లు, మామూలు వాల్వు ఉన్నది ఎంచుకుంది. పై కడ్డీ కాస్త వాలుగా ఉంది, చుడీదారుకు అడ్డం లేదు. మడ్‌గార్డులు, సగం చైను కవరు, చిన్న క్యారియరు బిగించాక పధ్నాలుగు కిలోలు తూగింది. స్కూటీకి ఆర్నెల్లు కట్టే వాయిదాల డబ్బు కూడా కాలేదు. ఉద్యోగం నిలబడింది. వాళ్లమ్మ గొణుగుడు ఇంకా ఆగలేదనుకోండి. అది ఏ తూకానికీ అందే బరువు కాదు!

మీకో మీ అమ్మాయికో సైకిలు కొనవలసివస్తే కొట్లో మొదట దాన్ని ఎత్తి చూడండి. తర్వాత మీకు కావలసినవన్నీ బిగించమని, సంచీ కూడా తగిలించి, మళ్లీ ఎత్తండి. ఆ రెండోసారి తెలిసిన బరువే రోజూ మీతో వచ్చేది. కొట్టు కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి.