జట్టుకట్టిన మందులు: లింఫోమా చికిత్సకు ఎనభై ఏళ్లు

మెడలోనో చంకలోనో బిళ్లలు కడితే బోగోలు మండలంలో వాళ్లు ముందు చూపించుకునేది బిట్రగుంటలో, కాదంటే కావలిలో. నొప్పి లేదు కదా అని కొన్నాళ్లు, టీబీ గడ్డలేమోనని ఇంకొన్నాళ్లు గడిచిపోతాయి. సాయంత్రం జ్వరం, రాత్రిళ్లు దుప్పటి తడిసేంత చెమట, బరువు తగ్గడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి కనుక ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. గడ్డ కోసి ముక్కను పరీక్షకు పంపితేగానీ సంగతి తేలదు. తేలాక నెల్లూరుకో, రైలెక్కి చెన్నై అడయారుకో ప్రయాణం. లింఫ్ కణాల క్యాన్సరైన లింఫోమాల్లో ఎక్కువగా కనిపించే పెద్ద బి-కణాల రకమైతే, అక్కడ డాక్టరు రాసే మాట చాలా చిన్నది: ఆర్-చాప్, ఆరు సైకిళ్లు.

ఆ పొట్టి పేరులో అయిదు మందులున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఈ జబ్బును నయం చేయలేకపోయింది. ఈ చరిత్రలో మందు కనిపెట్టినవాళ్లకే పేరు దక్కింది గానీ, నా లెక్కలో అంతకన్నా పెద్ద పని మందులను జతచేసి, రోజులు లెక్కగట్టినవాళ్లది.

మొదటి మందు విషవాయువు నుంచి వచ్చింది. 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో లూయీ గుడ్‌మన్, ఆల్‌ఫ్రెడ్ గిల్మన్ చొరవతో లింఫోమా ముదిరిన ఒక రోగికి నైట్రోజన్ మస్టర్డ్ ఎక్కించారు. గడ్డలు కరిగిపోయాయి. కొన్ని వారాలకే తిరిగొచ్చాయి, ఆ ఏడాది చివరికి మనిషి చనిపోయాడు. యుద్ధ రహస్యం కావడంతో 1946 దాకా సంగతి బయటికి రాలేదు. ఈలోగా 1943 డిసెంబరు 2న ఇటలీలోని బారి రేవుపై జర్మన్లు బాంబులు వేసినప్పుడు, అమెరికా ఓడలోని మస్టర్డ్ ఒలికి, బాధితుల రక్తంలో తెల్లకణాలు పడిపోవడం డాక్టర్లు చూశారు. బారితోనే అంతా మొదలైందని చాలామంది రాస్తారు, కానీ యేల్ ప్రయోగం అంతకు ముందరిదే.

రెండో దారి తెలుగువాడిది. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లే పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించాడు. ఆ తర్వాత దానికి నకళ్లు చేయించాడు. కణం వాటిని అసలు విటమిన్ అనుకుని తీసుకుంటుంది, డీఎన్‌ఏ కట్టుకోలేక ఆగిపోతుంది. వాటిలో ఒకటైన ఎమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో అచ్చయిన ఆ నివేదికలో 16 మంది పిల్లలకుగాను 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది, కానీ తాత్కాలికంగానే. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్లకు కన్నుమూశాడు. ఎమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఆర్-చాప్‌లో లేదు. బర్కిట్ అనే రకం లింఫోమాలోనూ, జబ్బు మెదడుకు చేరినప్పుడూ మాత్రం నేటికీ దాన్నే ఆశ్రయిస్తారు.

మూడోది మన ఇసుక నేలల్లో నీళ్లు పోయకపోయినా పూసే బిళ్లగన్నేరు. పుట్టిల్లు మడగాస్కర్. చక్కెర జబ్బుకు దీని ఆకు నమలడం మన దగ్గరా ఉంది, జమైకాలోనూ ఉంది. ఆ జమైకా ఆకు కెనడాకు చేరింది. నోబుల్, బీర్ అనే పరిశోధకులు దాని రసాన్ని ఎలుకలకిస్తే చక్కెర తగ్గలేదు, తెల్లకణాలు తగ్గాయి. అలా 1958లో విన్‌బ్లాస్టిన్ వెలికివచ్చింది. ఎలై లిల్లీ కంపెనీ తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి దొరికింది. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయాలంటే దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలి. పెరట్లో నాలుగాకులు నమిలి క్యాన్సర్ తగ్గించుకుందామనుకునేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇన్ని మందులొచ్చినా కథ మారలేదు: కరగడం, తిరిగి రావడం. ఎందుకన్నది హోవర్డ్ స్కిప్పర్ అనే పరిశోధకుడు ఎలుకల మీద లెక్కలేసి చూపాడు. గ్రాము బరువున్న గడ్డలో సుమారు 100 కోట్ల కణాలుంటాయి. వెయ్యికి 999 కణాలను చంపే మోతాదు ఇచ్చినా 10 లక్షలు మిగులుతాయి. చేతికి గడ్డ తగలదు గానీ జబ్బు ఉంటుంది. మందు ప్రతిసారీ చంపేది ఇంత సంఖ్య అని కాదు, ఇంత వంతు అని. అందుకే కనబడకుండా పోయాక కూడా ఇస్తూనే ఉండాలి. పైగా మిగిలినవాటిలో ఆ మందుకు లొంగని కణాలుంటాయి. ఒక మందుకు లొంగని కణం, పూర్తిగా వేరే దారిలో పనిచేసే రెండో మందుకు కూడా లొంగకపోవడం చాలా అరుదు. క్షయకు ఒకేసారి రెండు మూడు మందులివ్వడంలో ఉన్న తర్కం ఇదే. మద్రాసు చేట్‌పట్‌లోని క్షయ చికిత్సా కేంద్రం 1950ల చివర్లో రోగులను ఇంటి దగ్గరే ఉంచి నయం చేసి చూపించింది కూడా ఇలాంటి జంట మందులతోనే.

దీన్ని క్యాన్సర్‌కు అన్వయించే ధైర్యం ఫ్రై, ఫ్రైరైక్ అనే ఇద్దరు అమెరికన్లు చేశారు. ఒక్క విషమే భరించలేని రక్తక్యాన్సర్ పిల్లలకు నాలుగా అని తోటివాళ్లు మండిపడ్డారు. 1964లో విన్సెంట్ డెవిటా బృందం హాడ్జ్‌కిన్ లింఫోమాకు ‘మాప్’ అనే నాలుగు మందుల జట్టును మొదలుపెట్టింది. 1970లో వెలువడిన ఫలితం: 43 మందిలో 35 మందికి జబ్బు ఆనవాలే లేదు. మాప్ సంతాన యోగ్యతను దెబ్బతీసేది, కొందరికి తర్వాత రక్తక్యాన్సర్ తెచ్చేది. అందుకే 1975లో మిలాన్ నుంచి బొనడొన్నా ఇచ్చిన ఏబీవీడీ దాని చోటు తీసుకుంది.

ఇతర లింఫోమాలకు 1976లో నాలుగు మందుల చాప్ కుదిరింది. సైక్లోఫాస్ఫమైడ్ మస్టర్డ్ వంశానిదే. కాలేయంలో మేలుకుని డీఎన్‌ఏ పోగులు రెంటినీ ఒకదానికొకటి అతికించేస్తుంది. దాని వ్యర్థం మూత్రాశయాన్ని కాలుస్తుంది కాబట్టే నర్సులు నీళ్లు తాగమని పోరు పెడతారు. ఎర్రటి డాక్సోరుబిసిన్, డీఎన్‌ఏ మెలికలు విప్పే ఎంజైమును తెగిన పోగుల దగ్గరే బంధిస్తుంది. మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగే, రక్తం కాదు. గుండెకు చేటు కనుక జీవితకాలంలో ఇంతేనని దానికో హద్దు ఉంది. దీని మాతృక దొరికిన మట్టి ఇటలీలో కాస్టెల్ డెల్ మోంటే కోట దగ్గరిది. విషవాయువు ఒలికిన బారి కూడా ఆ ప్రాంతంలోనే ఉంది! విన్‌క్రిస్టిన్, కణం చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నటి నాళికలను అల్లుకోనివ్వదు. నరాల్లోనూ అవే నాళికలుంటాయి. అందుకే వేళ్లు తిమ్మిరెక్కి చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది, మలబద్ధకమూ వస్తుంది. ప్రెడ్నిసొలోన్ లింఫ్ కణానికి ఆత్మహత్య ఆదేశం ఇస్తుంది, అది అయిదు రోజులు మింగే మాత్ర.

కూర్పులో నేర్పు ఇక్కడుంది. మొదటి రెండూ ఎముక మజ్జను దెబ్బతీస్తాయి, తర్వాతి రెండూ దాదాపు జోలికి పోవు. కాబట్టి అన్నిటినీ దాదాపు పూర్తి మోతాదులోనే ఇవ్వగలిగారు. రెండో వారంలో తెల్లకణాలు అట్టడుగుకు పడి, మూడో వారానికి కోలుకుంటాయి. 21 రోజుల విరామం అందుకే. మజ్జ కోలుకున్నంత వేగంగా గడ్డ కోలుకోలేదన్నదే మొత్తం చికిత్సకు ఆధారం. బాగానే ఉంది కదా అని మూడో సైకిలుతో మానేసినా, కోతలో నాట్లో ఉన్నాయని వాయిదా వేసినా మిగిలిన కణాలకు ఆ వ్యవధి కలిసొస్తుంది.

నాలుగు మంచివైతే ఎనిమిది ఇంకా మంచివి కావా అనుకున్నారు. 1993లో 899 మందిపై పోల్చిచూస్తే మూడు కొత్త పెద్ద జట్లూ పాత చాప్‌ను మించలేకపోయాయి, విషప్రభావం మాత్రం పెరిగింది. మార్పు తెచ్చింది రిటుక్సిమాబ్. ఇది బి-కణం పైనుండే సీడీ20 అనే గుర్తును పట్టుకుని, దాన్ని మన రోగనిరోధక వ్యవస్థకే అప్పగించే ప్రతిరక్షకం. ఫ్రాన్స్‌లో క్వాఫియే బృందం 2002లో చాప్‌కు దీన్ని కలిపి చూపితే, వృద్ధుల్లో పూర్తిగా తగ్గినవారు నూటికి 63 నుంచి 76కు పెరిగారు. ధరే అందనంత. 2007లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ ‘రెడిటక్స్’ పేరుతో దాదాపు సగం ధరకు తెచ్చింది. అదే ఏడాది మొదలైన ఆరోగ్యశ్రీ కీమోథెరపీని తన ప్యాకేజీల్లో చేర్చింది. ఈ రెండూ వచ్చాకే కోస్తా పల్లెల్లో రోగులు చికిత్సను చివరిదాకా కొనసాగించడం కాస్త సాధ్యపడిందని నా అభిప్రాయం.

2022లో విన్‌క్రిస్టిన్‌ను తీసేసి పొలాటుజుమాబ్ వెడోటిన్ అనే కొత్త మందు పెట్టిన జట్టు ఫలితాలు వచ్చాయి. జబ్బు ముదరకుండా రెండేళ్లు దాటినవారు ఆర్-చాప్‌లో నూటికి 70.2, కొత్తదానిలో 76.7. ప్రాణాలతో ఉన్నవారి సంఖ్యలో మాత్రం రెంటికీ తేడా కనబడలేదు.