విమానంలో మూడు నిమిషాలు ఎక్కువ.. రహదారిపై గంట తక్కువ

విశాఖ, భోగాపురం విమానాశ్రయాల దూరాల లెక్క

విజయనగరం: విశాఖపట్నం, భోగాపురం విమానాశ్రయాల మధ్య గగనతల దూరం సుమారు 40 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో సాగే జెట్ విమానానికి ఇది మూడు నిమిషాల ప్రయాణం. ఆకాశంలో స్వల్పమైన ఈ వ్యత్యాసమే నేలపై శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రయాణికులకు ఎంతో కీలకం కానున్నది.

విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరంలో ఉన్నది. అక్కడి రన్‌వే పొడవు 3,050 మీటర్లు. నౌకాదళ అవసరాల దృష్ట్యా పౌర విమానాల రాకపోకలకు పరిమితులు ఉండటంతో భోగాపురం ప్రతిపాదన వచ్చింది. దీనికి 2019 ఫిబ్రవరి 14న ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఈ విమానాశ్రయంలో 3,800 మీటర్ల రన్‌వే నిర్మించారు. 2026 జనవరి 4న ఢిల్లీ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా విమానం ఇక్కడ ప్రయోగాత్మకంగా దిగింది.

గగనతలంలో ఎంత దూరం?

శంషాబాద్ నుంచి విశాఖకు సరళరేఖలో సుమారు 510 కిలోమీటర్లు కాగా, భోగాపురానికి 540 కిలోమీటర్లు. అదనంగా పట్టే సమయం రెండు, మూడు నిమిషాలు మాత్రమే. గన్నవరం నుంచి విశాఖకు 290 కిలోమీటర్లు, భోగాపురానికి సుమారు 330 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఏటీఆర్ విమానానికి ఐదు నిమిషాలు అదనంగా పడతాయి.

అయితే టిక్కెట్టుపై కనిపించే సమయం దీనికన్నా ఎక్కువగా ఉంటుంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలి రన్‌వే చేరడం, పైకెగయడం, దిగడం, తిరిగి ఆగడం అన్నీ అందులో కలుస్తాయి. అందువల్లనే 40 నిమిషాల దూరమైన హైదరాబాద్ ప్రయాణానికి గంటకు పైగా సమయం చూపుతారు.

రహదారిపై ఎంత ఆదా?

శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారిలో భోగాపురమే ముందు వస్తుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి సుమారు 110 కిలోమీటర్లు, భోగాపురానికి సుమారు 60 కిలోమీటర్లు. విజయనగరం నుంచి ఈ దూరాలు వరుసగా సుమారు 55, 25 కిలోమీటర్లు. మధురవాడ నుంచి ఎన్‌ఏడీ కూడలి వరకు ఉండే నగర రద్దీ కూడా తప్పుతుంది కనుక శ్రీకాకుళం వాసులకు దాదాపు గంట కలిసి వస్తుంది. దేశీయ విమానాలకు సాధారణంగా బయలుదేరడానికి గంట ముందే చెకిన్ ముగుస్తుంది. తెల్లవారుజామున విమానం అందుకోవలసినవారు ముందురోజే విశాఖ చేరి బస చేయనవసరం ఉండదు.

ఇచ్ఛాపురం పరిస్థితి ప్రత్యేకమైనది. అక్కడి నుంచి విశాఖ విమానాశ్రయం సరళరేఖలో సుమారు 220 కిలోమీటర్లు. భోగాపురం, భువనేశ్వర్ విమానాశ్రయాలు రెండూ సుమారు 175 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఉపాధి కోసం దూరప్రాంతాలకు వలస వెళ్లే ఉద్దానం వాసులకు ఇకపై సొంత రాష్ట్రంలోని విమానాశ్రయమూ భువనేశ్వర్‌తో సమానమైన దూరంలో ఉంటుంది.

విశాఖ నగరవాసులకు మాత్రం లెక్క తారుమారవుతుంది. వారు నగరం నుంచి సుమారు 45 కిలోమీటర్లు ప్రయాణించి భోగాపురం చేరుకోవాలి. జిల్లాల ప్రయాణికులకైనా విమాన వేళలకు తగిన బస్సులు నడిస్తేనే ఈ గంట నిజంగా మిగులుతుంది. లేనిపక్షంలో ఆదా అయిన సమయానికి టాక్సీ కిరాయి రూపంలో మూల్యం చెల్లించవలసి వస్తుంది.